తీయకూడని వరుస

ఐదు నాలుగు ఒకటి, పాయింటు, ఎనిమిది ఆరు. ప్రోగ్రాము మొదటి పరుగులో జవాబు సరిగ్గానే వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను, అనుకున్న మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది, ఎందుకంటే ఈ అంకె సరిగ్గా వస్తే నేను బతికిపోయినట్టు, ఏక్‌నాథ్‌రావు దోషిగానే మిగిలినట్టు, అందులో హమ్మయ్య అనుకోవడానికి ఏముంది. గోడ గడియారం మూడు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. నాలుగింటికి కింద హాల్లో ఏక్‌నాథ్ సాళుంఖే వీడ్కోలు సభ. జులై ముప్ఫై ఒకటి, సర్కారు కొలువులో అందరూ నెలాఖరు రోజునే ముసలివాళ్ళవుతారు, ఒక శాలువా, ఒక కొబ్బరికాయ, తలా ఒక బటాటావడ, కాగితం పళ్ళెంలో గుప్పెడు అటుకుల చివ్డా. ఆయనతో ఎక్కువ కాలం పనిచేసింది నేనే కాబట్టి మాట్లాడాల్సిందీ నేనే. ఆరింటికి ఈ పాత యంత్రాన్ని కూడా శాశ్వతంగా ఆపేస్తారు, ఇద్దరికీ ఒకే రోజు రిటైర్మెంటు, దీనికి శాలువా మాత్రం లేదు. అది ఆగిపోయాక ఇక ఎవరూ ఏదీ రుజువు చేయలేరు. తొమ్మిదేళ్ళ కిందట ఇద్దరు ఆడవాళ్ళ ప్రాణం తీసిన తప్పుడు అంకె ఆయన వేలి నుంచి వచ్చిందా, నా ప్రోగ్రాములోంచి వచ్చిందా అన్నది తేల్చుకోవడానికి, తొమ్మిదేళ్ళు ఊరుకుని, ఇప్పుడు చివరి గంటలో కూర్చున్నాను. రెండో పరుగు మొదలుపెట్టాను. ఒక్కోదానికి ఆరు నిమిషాలు.

అసలు ఈ గొడవంతా ఒక ఫారంతో మొదలైంది. కొత్త యంత్రంలోకి ప్రోగ్రాముల్ని మార్చేవాళ్ళు సోమవారం పంపారు, ప్రోగ్రాములో తమకి అర్థం కాని వరుసలన్నీ ఏరి, మూడు గళ్ళు గీసి, వరుస సంఖ్య, అది చేసే పని, అది ఉండటానికి కారణం. మర్యాదగానే అడిగారు. మొత్తం పంతొమ్మిది వరుసలు, పద్దెనిమిదింటికి కారణాలు చకచకా రాసేశాను, నదిలో నీళ్ళు ఎక్కడ ఎంత ఎత్తు లేస్తాయో ముందుగా చెప్పే ఈ ప్రోగ్రాముని ఇరవై రెండేళ్ళు రాసింది నేనే, నాకు కారణం తెలియని వరుస అందులో ఎందుకుంటుంది. ఒక్కటుంది. రెండువేల రెండువందల పదిహేడో వరుస. పని: లెక్క మధ్యలో ఒక అంకెను తెర మీద చూపిస్తుంది. ఆ అంకె ఎవరికీ అక్కర్లేదు, ఎవరూ చూడరు. దాని పక్కన నా అలవాటు ప్రకారం నా పొడి అక్షరాలు, తేదీ. ఏ వరుస ముట్టుకున్నా పక్కన పేరూ తేదీ రాయాలని ఈ ఆఫీసులో అందరికీ నేర్పింది నేనే, రాయనివాళ్ళని నలుగురి ముందూ కడిగేసేదాన్ని. వృ. ఖా., 14 మార్చి, ఈ వరుస తీయకూడదు. ఎందుకో మాత్రం రాయలేదు, నాకే తెలియదు కాబట్టి. దాని కింద ఇంకో తేదీ కూడా ఉంది, దాన్ని చూడకుండా చూపు పక్కకి తిప్పుకోవడం తొమ్మిదేళ్ళుగా బాగా సాధన చేశాను.

ఆ మార్చిలో ఏమైందంటే, ప్రోగ్రాము నత్తనడక నడుస్తోందని అప్పుడే వచ్చిన డైరెక్టరు పానసే రోజూ సణిగేవాడు, గడ్డం లేని గడ్డాన్ని గోక్కుంటూ, ఖాస్నీస్ మేడమ్, వరద వచ్చి వెళ్ళాక జోస్యం చెప్పడానికి మనమెందుకండీ, ఆ పని పేపరువాళ్ళు చేస్తున్నారుగా అని. మేం రాసింది యంత్రం భాషలోకి మార్చే కంపైలరుకి ఒక్క మాట చెప్తే చాలు, ఒకడు చేసే లెక్కని ఎనిమిది మందికి పంచేస్తుంది, ఆ పనివాళ్ళని మేం థ్రెడ్లంటాం, నదిని ఎనిమిది ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇస్తుంది. చెప్పాను. పరుగు అందుకుంది, పానసే నాకు చక్కెర లేని చాయ్ పోయించాడు. వారం తిరగకుండానే చూశాను, అవే అంకెలు లోపలికిస్తే బయటికి ఒక రోజు ఒక జవాబు, ఇంకో రోజు ఇంకో జవాబు. నమ్మలేకపోయాను. పాతికసార్లు చేస్తే ఏ మూడుసార్లో తప్పు, ఎక్కడ తప్పుతోందో పట్టుకుందామని మధ్యలో ఒక వరుస చేర్చాను, ఇక్కడిదాకా వచ్చిన అంకె నాకు చూపించు అని. చేర్చగానే తప్పు మాయమైంది. వరుస తీస్తే తప్పు వస్తుంది, పెడితే పోతుంది, చూస్తుంటే బుద్ధిగా కూర్చుని, చూడకపోతే అల్లరి చేసే పిల్లల్లాగా. మా పనిలో ఇది అందరికీ ఒకసారి జరిగేదే, అందరూ చేసేదీ ఒకటే. నేనూ అదే చేశాను, ఆ వరుసని అక్కడే ఉంచేసి, తీయకూడదు అని రాసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్ళిపోయాను. ఆ రోజు మా చిన్నాడికి పరీక్షలు. ఇంటికెళ్ళి వాడికి భిన్నాలు చెప్పాను.

రెండో పరుగు వచ్చింది, ఐదు నాలుగు ఒకటి పాయింటు ఎనిమిది ఆరు. మూడోది నడుస్తోంది. వరుస తీసేసిన ప్రోగ్రాము, ఆ రోజు ఆయన ఎక్కించిన అంకెలు, అచ్చంగా అవే, పాత టేపు మీంచి పొద్దున దింపాను. కిటికీ రేకు మీద వాన పడుతోంది, పుణె వాన, గట్టిగా పడదు, తెరిపీ ఇవ్వదు, కింద ఎవరో మైకులో హలో హలో ఒకటి రెండు అంటున్నారు, క్యాంటీన్ నుంచి నూనె వాసన మెట్లెక్కి వస్తోంది. మార్చిలో నాకు తెలియంది ఇవాళ పొద్దున తెలిసింది. కారణం అన్న గడి ఖాళీగా పంపడానికి అహం ఒప్పుకోక, బీరువాలోంచి గణిత లైబ్రరీ పుస్తకం తీశాను. కష్టమైన సమీకరణాలొస్తే మేం సొంతంగా చేయం, ఎవరో మహానుభావులు రాసిపెట్టిన లెక్కల మూట ఒకటుంటుంది, లైబ్రరీ అంటాం, దాన్ని ప్రోగ్రాముకి తగిలించుకుని పిలుస్తాం, అది చేసి ఇస్తుంది. పుస్తకంలో రెండువందల పన్నెండో పేజీలో లావు అక్షరాలతో ఉంది, ఈ లైబ్రరీ రెండు రకాలుగా వస్తుంది, ఒక్కరే పిలిచేటట్టయితే మొదటిది, ఒకేసారి చాలామంది పిలిచేటట్టయితే రెండోది, తప్పనిసరిగా. మొదటిదానికి చిత్తులెక్కకి ఒకే పలక. నేను తగిలించింది మొదటిది. ఎనిమిది మంది పనివాళ్ళు ఒకే పలక మీద పడి రాస్తున్నారు, ఒకడు వేసిన అంకె మీద ఇంకొకడు తనది వేస్తాడు, మొదటివాడు తిరిగి చూసుకుని ఇది నాదే అనుకుని మోసుకుపోతాడు. చాలదన్నట్టు లైబ్రరీ కూడా తనకి తాను ఎనిమిది మందిని పిలుచుకుంటుంది, లోపల అరవైనాలుగు మంది తొక్కిసలాట. మా అత్తవారింట్లో ఆమటికి, అదే పప్పుచారుకి, ముగ్గురు కోడళ్ళం ఎవరికి వాళ్ళం ఉప్పు వేసేవాళ్ళం, ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళం కాదు, మా అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్కొక్కరి మొహం చూసేది. మరి ఆ వరుస ఎందుకు పనిచేసిందీ అంటే, తెర మీద చూపించేది ఒక్కటే కిటికీ, దాని ముందు అందరూ వరుసలో నిలబడాలి, నిలబడేసరికి తొక్కిసలాట తగ్గి పలక దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. నేను జబ్బు నయం చేయలేదు, జబ్బుని వరుసలో నిలబెట్టాను. పుస్తకం పదిహేనేళ్ళుగా నా బీరువాలోనే ఉంది, అట్ట కూడా నలగలేదు.

మూడో పరుగు. ఐదు నాలుగు ఒకటి పాయింటు ఎనిమిది ఆరు. మూడు. సరిగ్గా మూడుసార్లే చేశాను ఆనాడు కూడా. ఆ మార్చి తర్వాత రెండేళ్ళకి, ఏప్రిల్లో పానసే మళ్ళీ మొదలుపెట్టాడు, పెద్దలెవరో చూడ్డానికొస్తున్నారు, జోస్యం అరగంటలో తేలాలి, ఆ వరుస ఊరికే లక్షసార్లు అంకెలు కక్కుతూ కాలం తింటోందని కుర్ర సైంటిస్టులెవరో ఆయన చెవిలో వేశారు. ఎందుకుంది మేడమ్ ఇది, అన్నాడు. నాకు తెలియదు అనడానికి నోరు రాలేదు, పదమూడేళ్ళు సీనియర్ని, ఆడదాన్ని, తెలియదు అంటే గది దాటేలోపే ఆఫీసంతా పాకుతుంది. పాత అవసరం, ఇప్పుడు లేదు, అన్నాను. తీసేశాను. మూడుసార్లు నడిపాను, మూడుసార్లూ ఒకటే జవాబు, చాల్లే అనుకున్నాను. పాతికకి మూడు తప్పే దాన్ని మూడుసార్లు చూసి వదిలేశాను, ఇదే మా చిన్నాడు చేస్తే చెవి మెలేసేదాన్ని. నాలుగో పరుగు మొదలుపెట్టాను. మూడు ఇరవై.

ఏక్‌నాథ్‌రావు పని చూడ్డానికి చిన్నది. నది పొడవునా కొలబద్దల దగ్గర కూర్చునే మనుషులు గంటగంటకీ ఫోన్ చేసి ఎత్తు చెప్తారు, ఈయన రాసుకుని యంత్రంలోకి ఎక్కించాలి. ముప్ఫై నాలుగేళ్ళు అదే చేశాడు. ఫోన్లో విన్న ప్రతి అంకెనీ విడదీసి రెండుసార్లు పైకి చదివేవాడు, ఐదు మూడు ఆరు, పాయింటు, ఒకటి సున్నా, ఐదు మూడు ఆరు, పాయింటు, ఒకటి సున్నా, హో బాబూ, ఉంచేస్తున్నా. పక్క గదిలో నాకు అది పూజ గంటలా వినిపించేది, కాసేపు వినపడకపోతే ఏమైందా అని తల పైకెత్తేదాన్ని. నేను వరుస తీసేసిన ఆ ఏడే, ఆగస్టు వానల్లో మూడు రోజులు ఇంటికి వెళ్ళలేదు, బల్ల కింద చాప వేసుకుని పడుకున్నాడు, నేను మా ఇంటి నుంచి పోళీలు, గోధుమ రొట్టెలు, తెచ్చి పెడితే, మేడమ్, మీ చేతి పోళీ సంగతి మా ఆవిడకి చెప్పకండి, ఇంట్లో వరదొస్తుంది, అన్నాడు. ఏడో తేదీ సాయంత్రం ఐదింటికి ప్రోగ్రాము చెప్పింది, ఖడ్కేవాడి వంతెన దగ్గర నీళ్ళు సముద్రమట్టానికి ఐదువందల ముప్ఫై ఎనిమిది పాయింటు నాలుగు మీటర్ల ఎత్తుకి వచ్చి ఆగుతాయని. ఒడ్డున ఉన్న వాడ కంటే రెండు మీటర్లు కింద. ఆ అంకె నమ్మి తహసీల్దారు ఆ వాడవాళ్ళని కదిలించలేదు. ఎనిమిదో తేదీ తెల్లారేసరికి వచ్చింది ఐదువందల నలభై ఒకటి పాయింటు తొమ్మిది. పదకొండు ఇళ్ళ వాడలో అందరూ గుట్టెక్కారు, సోపాన్ జగదాళే ఇంటివాళ్ళు ఇద్దరు తప్ప, ఆయన భార్య, కోడలు, గేదె పలుపు విప్పడానికి వెనక్కెళ్ళారట. గేదె ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది.

తొమ్మిదో తేదీ పొద్దున నేను ఆఫీసుకొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, ఆ వరుసని మళ్ళీ పెట్టేశాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎందుకు పెట్టానంటే జాగ్రత్త కోసం, అని నాకు నేనే చెప్పుకున్నాను, ఇన్నేళ్ళూ అదే చెప్పుకున్నాను. చేతి అలవాటు మాత్రం ఆగలేదు, పక్కన తేదీ రాసేశాను, 9 ఆగస్టు, మళ్ళీ పెట్టాను. దొంగ కూడా తన సంతకం పెట్టి దొంగతనం చేయడు. పది రోజుల తర్వాత కమిటీ వచ్చింది, ముగ్గురు, కాగితాలు, సీసా నీళ్ళు. అవే అంకెలు ఇచ్చి మళ్ళీ నడపమన్నారు, నడిపాను, వరుస ఉంది కాబట్టి సరైన జవాబే వచ్చింది. వాళ్ళలో పెద్దాయన నా వైపు తిరిగి అడిగాడు, అమ్మా, ఒకే అంకెలిస్తే యంత్రం రెండు జవాబులు చెప్పే అవకాశం ఏమైనా ఉందా, అని. నేను అన్న మాట వాళ్ళ కాగితాల్లోకి ఎక్కింది. లేదండీ, అవే అంకెలకి ఎప్పుడూ అదే జవాబు వస్తుంది. అంతే, తేలిపోయింది. యంత్రం అబద్ధమాడదు కాబట్టి మనిషే ఆడాడు, ఆ సాయంత్రం తప్పు అంకె ఎక్కించి ఉంటాడు, వరద వచ్చాక గుట్టుగా దిద్ది ఉంటాడు. మర్నాటి కొలతలు చేర్చడానికి ఆయన ఆ ఫైలు తెరిచింది నిజమే, అదొక్కటి చాలింది. ఏక్‌నాథ్‌రావుని పిలిచి అడిగితే ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, చేతుల వైపు చూసుకున్నాడు, మూడు రోజులు నిద్ర లేదు సార్, కొట్టి ఉంటానేమో, దిద్ది ఉంటానేమో, గుర్తు లేదు, అన్నాడు, సంతకం పెట్టాడు. నేను అదే గదిలో ఉన్నాను, ఆయన కలం సరిగ్గా రాయకపోతే నాది ఇచ్చాను.

నాలుగో పరుగు వచ్చింది. ఐదు నాలుగు ఒకటి పాయింటు ఎనిమిది ఆరు. ఇప్పుడు నాకు నిజంగా ఆశ పుట్టింది, దాచడం ఎందుకు, ఆయనే తప్పు కొట్టి ఉండొచ్చు కదా, మనిషి కదా, మూడు రోజులు నిద్ర లేదు కదా. ఒక మంచి మనిషి దోషి కావాలని ఇంతగా కోరుకుంటానని నా యాభై ఎనిమిదేళ్ళలో అనుకోలేదు. ఐదో పరుగు. ఆయన్ని స్టోర్సులోకి మార్చారు, అంకెలు లేని చోటికి, చీపుళ్ళు, ట్యూబులైట్లు, కాగితం రీములు. ఆఫీసులో ఎవరైనా పొరపాటు చేస్తే, ఏంట్రా, సాళుంఖే చేశావా, అనడం వాడుకైపోయింది, కొత్తగా చేరినవాళ్ళకి ఆ పేరు మనిషిదని కూడా తెలియదు. పానసే పదోన్నతి మీద ఢిల్లీ వెళ్ళాడు. ఏక్‌నాథ్‌రావు గ్యాసు తాళం నాలుగుసార్లు చూసుకుంటాడట, కూతురి పెళ్ళి కార్డులో తేదీ సరిగ్గా ఉందో లేదో చూడమని నా దగ్గరికి పట్టుకొచ్చాడు, మేడమ్, నా కళ్ళని నేను నమ్మను, మీరొకసారి చూడండి, అని. చూశాను. బాగానే ఉంది అన్నాను. చాయ్‌లు తెచ్చేవాడికి కూడా, పద్నాలుగు, ఒకటి నాలుగు, ఇంకోసారి నువ్వు చెప్పు, అంటాడు, వాడు నవ్వుతాడు. ప్రతి ఏడూ ఆగస్టు ఎనిమిదిన సెలవు పెట్టి సర్కారు ఎస్టీ బస్సెక్కి ఖడ్కేవాడి వెళ్తాడు. ఒకసారి క్యాంటీన్లో నేను అడక్కుండానే చెప్పాడు, సోపాన్‌బువా వాకిట్లోనే ఉంటాడు మేడమ్, నన్ను చూస్తాడు, కూర్చోమనడు, వెళ్ళమనీ అనడు, తిట్టినా బాగుండును, నేను నిలబడతాను, సాయంత్రం బస్సు వేళకి వచ్చేస్తాను, అని. నేను చాయ్‌లో చెంచా తిప్పుతున్నాను. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఐదు మూడు తొమ్మిది, పాయింటు, ఒకటి రెండు.

ఇంకోసారి చదివాను, ఆయనలాగే విడదీసి. ఐదు మూడు తొమ్మిది. వాడకి మీటరున్నర కింద, అందరూ హాయిగా పడుకోవచ్చు, గేదె పలుపు విప్పక్కర్లేదు. లోపలికిచ్చినవి అవే అంకెలు, ఒక్క చుక్క తేడా లేదు. ఆనాటి ముప్ఫై ఎనిమిది పాయింటు నాలుగు కూడా కాదు, ఇది ఇంకో అబద్ధం, ఒకే అబద్ధాన్ని రెండుసార్లు చెప్పే నిజాయితీ కూడా దీనికి లేదు. కళ్ళ నీళ్ళు రాలేదు, రావాల్సింది, నా మీద నేను ఎక్కువసేపు కోపంగా కూడా ఉండలేనని అప్పుడు తెలిసింది, ఎందుకంటే వెంటనే చేతులు పనిలో పడ్డాయి. రెండో రకం లైబ్రరీ తగిలించాను, లైబ్రరీకి నీ సొంత పనివాళ్ళని పిలవద్దు, ఒక్కడివే చెయ్యి అని ఒక్క మాట చెప్పాను. పట్టింది నాలుగు నిమిషాలు. తొమ్మిదేళ్ళకి నాలుగు నిమిషాలు. వరుస లేకుండానే నడిపాను, నలభై ఒకటి పాయింటు ఎనిమిది ఆరు, మళ్ళీ నడిపాను, అదే, ఇక వేయిసార్లు నడిపినా అదే వస్తుంది. వరుస అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మూడు యాభై ఒకటి.

ఇప్పుడు చేయగలిగినవి నాకు బాగా కనిపిస్తున్నాయి, తెలివికి లోటు ఎప్పుడూ లేదు. ఫారంలో, పాత అవసరం, ఇప్పుడు లేదు, అని రాసి ఇంటికెళ్ళొచ్చు, ఆరింటికి యంత్రం ఆగిపోతుంది, నాతో పాటు ఇంకెవరికీ తెలియదు. లేదా కిందికెళ్ళి మైకు పట్టుకుని, ఈయన తప్పు చేయలేదు అని చెప్పొచ్చు, ఎవరు చేశారు అని వెంటనే అడుగుతారు, నాకింకా పద్దెనిమిది నెలల సర్వీసుంది. లేదా ఆయనకొక్కడికే చెప్పొచ్చు, మెల్లగా, ఇవాళే తెలిసింది ఏక్‌నాథ్‌రావు, అని. అది నిజమే కదా. రెండువందల పన్నెండో పేజీ ఇవాళే చదివాను కదా. లైబ్రరీ సంగతి ఇవాళే తెలిసింది, పలక సంగతి ఇవాళే తెలిసింది. ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను, ఎక్కడా గుచ్చుకోవట్లేదు, అంత నున్నగా ఉంది. అప్పుడు మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, స్టోర్సులో రీముల పెట్టె పడ్డప్పటి నుంచి.

"మేడమ్, ఇంకా కూర్చున్నారా? కింద నా పెళ్ళి అవుతుంటే పురోహితురాలు ఇక్కడ," అంటూ లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట ఎవరో పెట్టిన కుంకుమ, చేతిలో పేఢాల మిఠాయి డబ్బా. "మీకు ముందు పెడదామని తెచ్చాను. ఇంత మందిలో ఆ సంగతి ఒక్కసారి కూడా నన్నడగంది మీరొక్కరే. ఇవాళైనా చెప్పాలి కదా ఆ మాట."

నేను తెర ఆర్పేయాల్సింది. చేయి ముందుకెళ్ళింది కూడా. ఆయన అప్పటికే వంగి చూస్తున్నాడు, ముప్ఫై నాలుగేళ్ళు అంకెలు చదివిన కళ్ళు, వాటిని ఎంత నమ్మకపోయినా అవి చదువుతాయి.

"ఇవి ఆ రోజువి," అన్నాడు. "ఏడో తేదీవి. ఐదు మూడు ఆరు, పాయింటు, ఒకటి సున్నా. నావే ఇవి." డబ్బా బల్ల మీద పెట్టాడు. "పక్కన ఇన్ని జవాబులేంటి మేడమ్? ఒకటి మాత్రం ముప్ఫై తొమ్మిది అని ఉంది. ఎవరు తప్పు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు," అన్నాను. "మీరు ఎక్కించినవే, ముట్టుకోలేదు. ప్రోగ్రామే ఒక్కోసారి ఒక్కోలా చెప్తోంది. ఆ రోజూ అదే చెప్పింది. మీరు సరిగ్గానే కొట్టారు ఏక్‌నాథ్‌రావు."

ఆయన కుర్చీ కోసం వెనక్కి చేయి చాపాడు, అందలేదు, నిలబడే ఉన్నాడు. కింద మైకులో ఎవరో సాళుంఖే సాహెబ్ అని పిలుస్తున్నారు, ఇన్నేళ్ళలో సాహెబ్ అనడం ఇదే మొదలు. తన కుడిచేతి వేళ్ళని ఎడమచేత్తో పట్టుకుని చూస్తున్నాడు, ఒక్కొక్కటే, ఎవరో తిరిగి తెచ్చి ఇచ్చిన వస్తువుని సరిచూసుకున్నట్టు.

"దిద్దలేదు కూడానా నేను?"

"దిద్దలేదు."

తర్వాత అడిగాడు, "మీకెప్పుడు తెలిసింది మేడమ్?"

"ఇవాళే," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

తల ఊపాడు. నమ్మాడు, నమ్మడమే ఆయనకి అలవాటు. పేఢా డబ్బా మూత తీయబోతూ మళ్ళీ తెర వైపు చూశాడు, తెర రెండో సగంలో ఆ వరుస ఉంది, పక్కన నా అక్షరాలు. ఆయన పెదాలు కదిలాయి, ముందు లోపల చదువుకున్నాడు, తర్వాత పాత అలవాటున పైకి చదివాడు.

"తొమ్మిది, ఆగస్టు. మళ్ళీ పెట్టాను." ఆగాడు. "తొమ్మిది, ఆగస్టు."

రెండుసార్లు చదివాడు కాబట్టి ఇక పొరపాటుకి చోటు లేదు. నున్నటి మాటలన్నీ అయిపోయాయి. ఆయన నా మొహం వైపు చూడలేదు, అదొక్కటే దయ. డబ్బాలోంచి ఒక పేఢా తీసి, నాకు ఇవ్వకుండా, నా బల్ల మీద ఫారం ఉంటే దాని మీద పెట్టాడు. కారణం అన్న గడి మీద నేతి మరక పాకింది.

"పదండి, నాలుగవుతోంది," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా అన్నాడు, "ఎనిమిదో తేదీ వచ్చే వారమే మేడమ్. పొద్దున ఆరింటి బస్సు, వంతెన దగ్గర దిగాలి. ఈ ఏడు మీరు వెళ్ళండి. సోపాన్‌బువా కూర్చోమనడు, వెళ్ళమనీ అనడు. సాయంత్రం దాకా నిలబడాలి."